లంక ఊరికి చెప్పాల్సిన లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే విద్యార్థి మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి ఉన్నత విద్యామండలి దీన్ని తప్పనిసరి చేసింది. ఊళ్ళో సర్వే, అవగాహన కార్యక్రమాలు, రోజువారీ లాగ్‌బుక్కు, చివర్న రిపోర్టు, దానికి మార్కులు. ఇది కాక 1969 సెప్టెంబరు 24న మొదలైన ఎన్ఎస్ఎస్ ఉండనే ఉంది: ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు, మధ్యలో వారం రోజుల క్యాంపు. బడుల్లో ఎకో క్లబ్బులున్నాయి. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమాలు జరుగుతున్నాయి. పర్యావరణం పేరు మీద పిల్లలు ఊళ్ళలోకి రావడం ఇప్పుడు ఒకరిద్దరు ఉత్సాహవంతులైన లెక్చరర్ల చొరవతో జరిగేది కాదు, ఏటేటా నడిచే వ్యవహారం. పుస్తకం పక్కన పెట్టి గట్టు మీదికి రావడం వాళ్ళకూ మేలే, ఊరికీ మేలే. అందులో నాకు సందేహం లేదు. నా పేచీ ఒక్కచోట ఉంది. గంటల లెక్క, మొక్కల లెక్క, ఫోటోల లెక్క అన్నీ పైకే వెళ్తున్నాయి: విద్యార్థి నుంచి లెక్చరర్‌కు, అక్కణ్ణించి ప్రిన్సిపాల్‌కు, యూనివర్సిటీకి, కాలేజీలకు గ్రేడిచ్చే నాక్ ఫైళ్ళలోకి. చేసిన పని తాలూకు మంచీ చెడూ మాత్రం ఊళ్ళోనే ఉండిపోతున్నాయి. ఎవరి గట్టు మీద పని జరిగిందో వాళ్ళకు లెక్క చెప్పాలన్న పట్టింపు ఈ ఏర్పాటులో కనబడదు. విద్యార్థుల పర్యావరణ సేవకు నైతిక బాధ్యత అనేది ఉంటే అది ముందు ఆ ఊరి పట్ల ఉండాలి, కాలేజీ పట్ల ఆ తర్వాతే.

ఈ మాట కొల్లేటి పక్కనున్న కైకలూరు ప్రాంతానికి వర్తించినంత సూటిగా మరోచోటికి వర్తించదేమో. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీళ్ళను పట్టుకుని, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే సరస్సు కొల్లేరు. 1999 అక్టోబరులో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసిన హద్దు) దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. పక్షులకు అభయారణ్యమైన ఆ నీళ్ళే సరస్సులోని లంక ఊళ్ళకు బతుకుతెరువు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు, లీజులు చేతులు మారాయి, చెరువులు సరస్సును ఆక్రమించుకుంటూ పోయాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు పేరిట ఆ గట్లను కొట్టేశారు. ఆ దెబ్బకు పెద్ద లీజుదారుడి పెట్టుబడీ పోయింది, సంఘంలో వాటా తప్ప వేరే ఆధారం లేని వడ్డి మత్స్యకార కుటుంబం కూడూ పోయింది. కాంటూరు తగ్గించాలన్న డిమాండు, తగ్గించరాదన్న వాదన, జిరాయితీ భూముల గొడవ ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉన్నాయి. అలాంటి చోట ‘కొల్లేరును కాపాడుదాం’ అన్న బ్యానరుతో ఓ బస్సెడు పిల్లలు దిగితే, వాళ్ళకది మంచి నినాదం. గట్టు మీద నిలబడి చూస్తున్న మనిషికి మాత్రం ‘ఎవరి నుంచి కాపాడతారు, మా నుంచా?’ అన్న ప్రశ్నే ముందు తడుతుంది. ఆ ప్రశ్న అతనికి ఎందుకు తట్టిందో తెలుసుకోకుండా ఊళ్ళో అడుగుపెట్టే హక్కు ఏ ప్రాజెక్టుకూ లేదని నా నమ్మకం.

సర్వే సంగతే తీసుకోండి. ఇందులో ఉన్న ప్రమాదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఎంతమంది, ఆదాయమెంత, భూమెంత, తాగే నీళ్ళెక్కణ్ణించి అంటూ మొదలవుతుంది ఇంటింటి సర్వే. మెట్ట ఊళ్ళో ‘మీకు ఎన్నెకరాలండీ’ అనడం మామూలు ప్రశ్న. కొల్లేటి లంకలో ‘మీ చెరువు ఎన్నెకరాలు, ఏ వైపు’ అనడం ఒక్కోసారి తప్పు ఒప్పుకోమనడమే అవుతుంది, ఎందుకంటే అభయారణ్యం హద్దులోపల చేపల చెరువు సాగుకు చట్టం ఒప్పదు. అడిగే పిల్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు. చెప్పే పెద్దావిడ ‘కాలేజీ పిల్ల కదా, మన అమ్మాయిలాంటిదే’ అనుకుని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఆవిడ పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, చెరువు విస్తీర్ణం ఒక గూగుల్ ఫారంలోకి ఎక్కి, అక్కణ్ణించి ఎక్సెల్ షీటై, బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తిరిగితే అది రేపు ఎవరి చేతిలో పడుతుందో చెప్పగలిగినవాళ్ళు లేరు. మనుషుల మీద వైద్య పరిశోధన చేయాలంటే ముందుగా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. డిగ్రీ కాలేజీ సర్వేకు అంత తతంగం అక్కర్లేదు గానీ, గడప దగ్గర చెప్పాల్సిన నాలుగు మాటలున్నాయి. ఇది ఎందుకు అడుగుతున్నామో, ఎవరికి చూపిస్తామో చెప్పాలి. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదండీ అనాలి. పేరు రాయకూడదు, రాయడం లేదని కాగితం తిప్పి చూపించాలి. అసలు ఆ ప్రశ్న మన ప్రాజెక్టుకు అవసరమా అని లెక్చరర్ ముందురోజే కొట్టేయగలిగితే అంతకంటే మంచిది. తాగునీళ్ళ గురించి చేసే ప్రాజెక్టులో చెరువు విస్తీర్ణంతో పనేముంది?

ఇక గుర్రపు డెక్క. శ్రమదానం అనగానే ఈ ప్రాంతంలో ముందు గుర్తొచ్చేది అదే. దాన్ని తీయడం అవసరమే. ఏలూరు-కైకలూరు రోడ్డులో పెదఎడ్లగాడి వంతెన ఖానాలకు డెక్క అడ్డం పడితే నీరు కిందికి కదలదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు కొల్లేరు మీద పడ్డప్పుడు ఆ ఖానాలు పారడం ఎంత ముఖ్యమో లంక ఊళ్ళు మళ్ళీ చూశాయి. అయితే ఒక్క మొక్కను నీళ్ళలోంచి ఎత్తి చేతిలో పట్టుకు చూస్తే ఒక్కపూట శ్రమదానానికి అది లొంగదని తెలుస్తుంది. కాడ మొదట్లో గాలితో ఉబ్బిన బుడిపె. అడుగున నల్లటి వేళ్ళ కుచ్చు, అందులో చిక్కుకున్న ఒండ్రు, నత్తలు, ఒక్కోసారి చేపపిల్లలు. పక్కకు సాగిన తీగ చివర ఇంకో పిల్ల మొక్క. కర్రతో లాగినప్పుడు ఆ తీగ తెగి పిల్ల నీళ్ళలో మిగిలిందా, మురుగు కలిసిన వెచ్చటి నీళ్ళలో రెండు వారాలకే రెట్టింపవుతుంది. రాలిన గింజ బురదలో ఏళ్ళ తరబడి చావదు. లాగిన డెక్కను గట్టు వాలు మీదే కుప్ప పోస్తే కుళ్ళి, నీళ్ళలోంచి పీల్చుకున్న నత్రజని, భాస్వరాలను తొలి వానకే తిరిగి నీళ్ళలో కలుపుతుంది. ముందు పచ్చగా, తర్వాత తేటగా రెండు ఫోటోలు రిపోర్టులో ఎక్కుతాయి. నెల తర్వాత తీయాల్సిన మూడో ఫోటోకు రిపోర్టులో చోటుండదు. డెక్క తీసే ప్రాజెక్టు ఏదైనా మొదలుకాక ముందే, తీసినది ఎక్కడ పోస్తారు, కంపోస్టు గుంట ఎంత దూరంలో ఉంది, పదిహేను రోజులకోసారి ఎవరొస్తారు, డ్రైనేజీ శాఖ వాళ్ళతో మాట్లాడారా అన్నవాటికి జవాబులుండాలి. డెక్క చాటున మావులు (చేపల ఉచ్చులు) పెట్టుకుని నల్లజాతి చేపలు పట్టుకునే మనిషిని అడిగారా అన్నదానికి కూడా. జవాబు లేనప్పుడు ఆ పని మానుకోవడమే బాధ్యత.

ఆటపాక దగ్గర బాధ్యత ఇంకా సున్నితమైంది. కైకలూరు పక్కనే, బస్సు దిగి ఆటో ఎక్కితే చేరే చోట, మనవాళ్ళు గూడబాతులనే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వందలాదిగా గూళ్ళు కడతాయి. చెట్లు చాలవని అటవీశాఖ చెరువులో ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టింది. పిల్లలకు పక్షులను చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు కోస్తాలో తక్కువ. చూపించే తీరులోనే జాగ్రత్త కావాలి. గుడ్డులోంచి వచ్చిన పెలికాన్ పిల్లకు ఒంటి మీద ఈకలుండవు. ఎండకు దాని గొడుగు తల్లి రెక్కే. పడవ మరీ దగ్గరికొచ్చో, డ్రోన్ మోతకో, కేరింతలకో తల్లి లేచిపోతే మధ్యాహ్నపు ఎండలో ఆ పిల్ల నిమిషాల లెక్కన వడలిపోతుంది. పక్క గూటిలో నెల రోజులు పొదగాల్సిన గుడ్డును కాకి అంతలోనే ఎత్తుకుపోతుంది. పక్షులన్నీ ఒక్కసారి గాల్లోకి లేచిన ఫోటో చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ వాటిని ఎవరో బెదరగొడితేనే చాలాసార్లు అలాంటి ఫోటో దొరుకుతుంది. అభయారణ్యంలోకి వెళ్ళడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన గూటి దగ్గరికెళ్ళడం సబబైపోదు. పక్షి పిల్లలు గూళ్ళలో ఉన్న నెలల్లో దూరం నుంచే, బైనాక్యులర్‌తో, చిన్న చిన్న జట్లుగా చూడటం కుదరకపోతే ఆ ట్రిప్పు ఆ నెలలో వద్దు.

మొక్కల విషయంలో మన అలవాటు మరీ గట్టిది. ఎన్ని నాటారన్నదే వార్త. హిమాచల్ ప్రదేశ్‌లో దశాబ్దాల పాటు జరిగిన ప్రభుత్వ మొక్కల పెంపకాన్ని ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం, దానివల్ల అడవి చిక్కబడిన దాఖలాలు లేవని తేల్చింది. ఫిలిప్పీన్స్‌లో నాటిన మడ మొక్కల్లో చాలాకాలం బతికింది 10 నుంచి 20 శాతమేనని 2008లో వచ్చిన సమీక్ష చెప్పింది. అక్కడ జరిగిన పొరపాటు మనకు పనికొచ్చే పాఠం: మడ చెట్లు పెరిగే చోట కాకుండా, నాటేవాళ్ళకు తేలిగ్గా అందే బురద తీరంలో నాటారు. మన రోడ్ల వెంబడి తొందరగా పచ్చబడుతుందని విరివిగా నాటిన కోనోకార్పస్‌ను తర్వాత తెలంగాణ ప్రభుత్వమే వద్దని చెప్పాల్సొచ్చింది. కొల్లేరు సహజంగా కిక్కిస, తుంగ, తామర పెరిగే నీటి పల్లం. వేసవిలో ఎండే నేలను బీడనుకుని అక్కడ చెట్లు నాటడం సరస్సుకు సేవ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. ఏ గట్టుకు ఏ మొక్కో అడిగితే చెప్పేవాళ్ళు దగ్గర్లోనే ఉన్నప్పుడు అడక్కుండా నాటడానికి సాకు లేదు.

మరి పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఈ సరస్సుకు ఏం ఇవ్వగలరు? నా దృష్టిలో వాళ్ళు ఇవ్వగలిగినదాంట్లో అన్నిటికన్నా విలువైనది నిజాయితీగా రాసిన నమోదు. ఇందుకు ఈ నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఇరవై మూడేళ్ళ మలయాళీ యువకుడు తాడేపల్లిగూడెం దగ్గర పెలికాన్లు పెద్ద ఎత్తున గూళ్ళు కట్టుకున్న చోటును గుర్తించాడు. చూసింది చూసినట్టు రాసి 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఆయనే తర్వాత ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల గురించి రాసిన ప్రసిద్ధుడు. తాడేపల్లిగూడెం దగ్గరి ఆ గూళ్ళ కాలనీ తర్వాతి దశాబ్దాల్లో మాయమైంది. అది ఉండేదని, పోయిందని మనం ఈ రోజు చెప్పగలుగుతున్నామంటే ఆ కుర్రవాడి నోటుపుస్తకం చలవే. ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో జరిగే నీటిపక్షుల గణన 1987 నుంచి ఇలాంటి స్వచ్ఛంద పరిశీలకుల మీదే నడుస్తోంది. అందులో ఒక విద్యార్థి నలభై పక్షులను చూసి నాలుగొందలని రాస్తే పోయేది మార్కులు కాదు. రేపు ఆ అంకెను నమ్మి తీసుకునే నిర్ణయాలు తప్పుతాయి. నీటి పరీక్షలదీ అదే సంగతి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు దేశంలోని పెద్ద సంస్థలు పరీక్షలు చేశాయి. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయంది, జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల వైపు చూపించింది. అంత భయం చూసిన ఊళ్ళో ఒక కిట్‌తో చేసిన ఒక్క పరీక్ష ఫలితాన్ని స్టేటస్‌లో పెట్టడం ఎంత పెద్ద పనో పిల్లలకు ముందే చెప్పాలి. అనుమానం వస్తే మళ్ళీ పరీక్షించాలి, ల్యాబ్‌లో సరిచూసుకోవాలి, ఆ తర్వాత ఊరి పెద్దలకూ ఆరోగ్య సిబ్బందికీ చెప్పాలి. దాచకూడదు కూడా, నిజంగా చెడ్డ నీళ్ళని తేలితే కాలేజీ పేరుకు ఇబ్బందని ఊరుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఇన్ని షరతులు పెడితే పిల్లలు అసలు బయటికే రారు, ఏదో ఒకటి చేయడం ఏమీ చేయకపోవడం కన్నా నయం కదా అని వాదించేవాళ్ళున్నారు. ఇందులో కొంత నిజముంది. యువకుల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం తేలిక, తిరిగి రగిలించడం కష్టం. కానీ ‘ఏదో ఒకటి’ అన్నప్పుడు దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడాలి. గూటిలో పిల్ల చస్తే, సర్వే కాగితం బయటికి పొక్కితే, ఆ నష్టం విద్యార్థిది కాదు. పైగా పిల్లలను నిరుత్సాహపరిచేది షరతులు కావు, ఎవరికీ పనికిరాదని తమకే తెలిసిన పని. ఒకరి రిపోర్టు చూసి ఇంకొకరు దించడం ఎక్కువగా అలాంటి ప్రాజెక్టుల్లోనే జరుగుతుంది. తాము రాసిన అంకె మీద ఊళ్ళో ఎవరో ఆధారపడుతున్నారని తెలిస్తే చాలామంది దాన్ని రెండోసారి సరిచూసుకుంటారు. ఇంకోటి కూడా గట్టిగా చెప్పాలి. ఈ బాధ్యతలో పెద్ద వాటా ప్రాజెక్టును రూపొందించినవాళ్ళది, విద్యార్థిది తర్వాత. పగిలిన సీసాలు, సూదులు, పాములు ఉండే మురుగు కాలవలోకి గ్లౌజులూ బూట్లూ లేకుండా పిల్లలను దించి దానికి సేవ అని పేరు పెట్టడం వాళ్ళ పట్ల కూడా అన్యాయమే.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది. కొల్లేరును పాడుచేసింది విద్యార్థులు కాదు. ఏలూరు మురుగు తమ్మిలేరు గుండా, విజయవాడ మురుగు బుడమేరు గుండా వచ్చి పడుతున్నాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలు, చెరువుల నుంచి వదిలే నీళ్ళు, పొలాల మందులు అన్నీ అక్కడికే చేరతాయి. అసలు దోషులను వదిలేసి సంచి పట్టుకుని ప్లాస్టిక్ ఏరే పిల్లల దగ్గర నీతి గురించి మాట్లాడటమేంటి? ఈ కోపంతో నాకు పేచీ లేదు. అందుకే సేవను ఇంత జాగ్రత్తగా చూడమంటున్నాను. మున్సిపాలిటీ చేయాల్సిన పనిని పిల్లలు నెలకోసారి చేసి ఫోటో దిగితే, చేయనివాళ్ళకు అది మంచి ముసుగవుతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర అయ్యాక ప్లాస్టిక్ ఏరడం మంచిదే. ఏరినదాన్ని రకాలవారీగా తూచి, ఏ రకం ఎంతో రాసి, వచ్చే జాతరకు ముందే పంచాయతీకీ దేవస్థానానికీ ఆ కాగితం అందించడం ఇంకా మంచిది. మొదటి పని ఆ రోజుతో అయిపోతుంది, రెండోది అధికారుల మీద ప్రశ్నగా మిగులుతుంది. తమ్మిలేరు మీద ఒకే చోట, ఏటా అదే నెలల్లో, వరసగా ఐదు బ్యాచ్‌లు నీళ్ళు పరీక్షించి రాసిన పట్టికను ఏ అధికారీ తేలిగ్గా పక్కన పెట్టలేడు. అధికారం లేని విద్యార్థుల చేతిలో ఉన్న బలం ఇదే, తప్పుడు లెక్కలతో దాన్ని పాడుచేసుకోకూడదనేదే నా ఆరాటం.

లెక్చరర్ల ఇబ్బంది నిజమైంది. ఒక్కరి కింద పదుల కొద్దీ విద్యార్థులు, బస్సుకు డబ్బులుండవు, సిలబస్ తరుముతుంటుంది. ఏటా కొత్త ఊరు, కొత్త అంశం వెతకడం మానేస్తేనే ఈ భారం తగ్గుతుంది. ఒక కాలేజీ ఒకటి రెండు లంకలను పట్టుకుని పదేళ్ళు అక్కడే పనిచేస్తే మొదటి బ్యాచ్ పడ్డ కష్టం రెండో బ్యాచ్‌కు తప్పుతుంది, ఊరివాళ్ళకు ముఖాలు గుర్తుంటాయి, పని చెడితే నిలదీయడానికి మనుషులుంటారు. నాటిన వంద మొక్కల్లో ఎనభై చచ్చిపోయాయని, ఎందుకు చచ్చాయో ఇదీ అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులివ్వాలి. అలా ఇచ్చినప్పుడే మిగతావాళ్ళు అబద్ధం రాయడం మానతారు. రిపోర్టు ఇంగ్లీషులో బైండింగ్ చేసి బీరువాలో పెట్టేముందు అందులోని సంగతులను రెండు పేజీల తెలుగులో, పేర్లు లేకుండా, గ్రామసభలో చదివి వినిపించాలి. ఊరివాళ్ళు ‘ఇది తప్పు, ఇలా కాదు’ అంటే ఆ మాట కూడా రిపోర్టులో ఎక్కాలి. సంతకం కాలేజీ గైడుతో పాటు ఊరి సచివాలయంలో కూడా పడాలి. ఇందుకు కొత్త పథకం, కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. కమ్యూనిటీ సర్వీస్ నిబంధనల్లో ‘గ్రామసభలో వినిపించిన తర్వాతే మూల్యాంకనం’ అన్న ఒక్క వాక్యం చేరుస్తూ ఉన్నత విద్యామండలి వచ్చే వేసవికి ముందు ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. అది వచ్చేదాకా ఆగకుండా కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీలు తమంతట తాము మొదలుపెట్టినా కాదనేవాళ్ళెవరూ లేరు.